మంచు కోసం వదిలిన చోటు

మేడ మీది పండితుల వారికి,

మీరు స్నానానికి దిగిన కాసేపట్లో, మీరు గీస్తున్న కొండ బొమ్మ మీదే ఇది రాస్తున్నాను. చైనా పండితులు కొలువు వదిలి కొండల్లో ఒంటరిగా బతికేవారనీ, బొమ్మలో మంచు కోసం వదిలిన ఖాళీలో స్నేహితులు నాలుగు మాటలు రాయడం అక్కడి మర్యాద అనీ మీరే చెప్పారు. కాలేజీ ఉద్యోగం మానేశాక మీరు స్నేహితులందరినీ మెట్ల దగ్గరి నుంచే పంపించేశారు. ఇక మిగిలింది నేనే.

నిన్న మన పాప అభిజ్ఞ జ్వరంతో వణుకుతుంటే కింది నుంచి పిలిచాను. "లొల్లి చేయకు, గీస్తున్న" అన్నారు. పాలు పోయడానికొచ్చిన బాలనర్సింహ "ఫికర్ చేయకక్కా, నేనున్న" అని మమ్మల్ని తన బండి మీద దవాఖానాకు తీసుకెళ్లాడు.

ఈ కొండ మీద గుడిసె గీశారు. అందులో మీరు, మీ ముందు పొగలు కక్కే టీ. అంత ఎత్తుకు ఆ టీ మోసుకొచ్చిన మనిషి మాత్రం బొమ్మలో ఎక్కడా లేదు.

పాపను తీసుకుని బేగంబజార్‌లో మా అక్క ఇంటికి వెళ్తున్నాను. పొయ్యి వెలిగించలేదు. మీరు కోరుకున్న ఏకాంతం ఇప్పుడు కింది ఇంట్లో కూడా ఉంది.