పదిహేను మెట్లు, ఇరవై రెండు చీటీలు

జూన్ 3

ముందుగా ఒక క్షమాపణ. నా తెలుగు పేదది. నలభై ఒకటో ఏట రాత్రి బడిలో చేరి, ఇంగ్లీషులో పరీక్షలు రాసి పట్టా పుచ్చుకున్నవాణ్ణి. బస్సు డిపో స్టోర్సులో విడిభాగాల చీటీలు తప్ప తెలుగులో నేను రాసింది లేదు. ఇందులో తప్పులుంటే అవి నావి. పట్టా మాత్రం అసలైనది.

విషయానికి వస్తాను. మా అక్క మెట్ల మీద పడి తుంటి ఎముక విరిగి ఏడు వారాలైంది. ఆపరేషన్ బాగానే జరిగింది. కింది గదిలో కర్ర పట్టుకుని నడుస్తోంది. మేడ మీద ఆమె గది ఉంది, ఆ గదిలో ఆమె కుట్టుమిషను ఉంది, మధ్యలో పదిహేను మెట్లున్నాయి. ఈ నెలలో ఎక్కకపోతే కాలు సహకరించినా భయం వదలదని డాక్టరు చెప్పారు. అక్క అప్పుడే ఆశ వదులుకుంది. మిషను తీసుకెళ్లమని వీధి చివర బట్టలు కుట్టే ఆవిడకు కబురు పంపింది. ఇరవై ఎనిమిదిన వస్తుందట.

ఆలోగా నేను అక్కను ఎక్కిస్తాను.

జూన్ 5

అక్కకు నడక నేర్పే థెరపిస్టు అమ్మాయి వచ్చింది. "కమాన్ ఆంటీ, వన్ మోర్, గుడ్ జాబ్!" అంటూనే ఉంది. అక్క మొదటి మెట్టు మీద పాదం ఆనించిందంతే. దానికే గుడ్ జాబ్ ఏమిటని అడిగాను. "మీరెప్పుడూ ఎవరినీ మెచ్చుకోరా సార్?" అని ఎదురడిగింది. స్టోర్సులో సరుకు సరిపోతే సంతకం పెడతాం, చప్పట్లు కొట్టం అన్నాను. వంటింట్లోంచి నా భార్య, "పెళ్లై ఇరవై రెండేళ్లయింది, నా కూరకింకా సంతకం పడలేదమ్మా" అంది. అందరూ నవ్వారు. నవ్వవలసిన విషయం కాదు.

జూన్ 6, ఉదయం 6 గంటలు

బడి నోట్సు తీశాను. పదకొండో పాఠం: ఇతరులను ప్రోత్సహించుటకు, పనులు పురమాయించుటకు వాడు ఇంగ్లీషు మాటలు. మొత్తం ఇరవై రెండు. ఆ పాఠంలో నాకు ఇరవైకి పద్దెనిమిది మార్కులు. బలాన్ని బట్టి వరుస పెట్టి, ఒక్కో మాట ఒక్కో చీటీ మీద రాశాను. మెత్తనివి ముందు: టేక్ యువర్ టైమ్, గివ్ ఇట్ ఎ ట్రై. గట్టివి చివర: కీప్ గోయింగ్, డోంట్ గివ్ అప్. మందుబిళ్లల్లా పూటకు రెండే వాడాలి.

జూన్ 9

మెట్ల పక్కన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, "గివ్ ఇట్ ఎ ట్రై" అన్నాను. అక్క నన్ను ఎగాదిగా చూసి, "ఒరేయ్, నన్ను మెట్లెక్కిస్తున్నావా, బస్సును రివర్సు చేయిస్తున్నావా?" అంది. రెండు మెట్లెక్కింది. నవ్వుతూ ఎక్కింది కాబట్టి అది చీటీ గొప్పతనమని చెప్పలేను.

జూన్ 12

రెండే.

జూన్ 16

నాలుగు. ఆమె పడింది ఐదో మెట్టు మీది నుంచే. దాని ముందుకు రాగానే మెట్ల పక్క కడ్డీని రెండు చేతులా బిగించి పట్టుకుంది. "కీప్ గోయింగ్" అన్నాను. "డోంట్ గివ్ అప్" అన్నాను. ఒకే పూటలో ఆరు చీటీలు వాడేసి నా నియమం నేనే తప్పాను. అక్క అక్కడే చతికిలబడి, "నీ ఇంగ్లీషు నీకు వచ్చుగానీ, నా కాలికి రాదురా. మిషను ఇచ్చేద్దాం" అంది.

జూన్ 17

ఇంట్లో మీరు అక్కగారితో ఇంగ్లీషే మాట్లాడతారా అని థెరపిస్టు అమ్మాయి అడిగింది. లేదన్నాను. మరి మెట్ల దగ్గర ఎందుకు అంది. డ్యూటీకి వేళైందని బయల్దేరాను.

డిపోలో బేరింగులు లెక్కపెడుతుండగా జవాబు దొరికింది. ఈ నలభై ఎనిమిదేళ్లలో నేను అక్కకు ఒక్క పనీ చెప్పలేదు. మంచినీళ్లు కావాలన్నా, "అక్కా, దాహంగా ఉంది" అనేవాణ్ణి. అమ్మ పోయాక మా ఇంట్లో చెప్పేది ఆమె, వినేది నేను. లే, నడు, ఎక్కు అని ఆమెతో అనడానికి నాకు నోరు రాదు. ఇంగ్లీషులో అంటే అది నా మాట కాదు, పాఠంలోని మాట. ఇన్నాళ్లూ నేను చీటీల చాటున దాక్కున్నాను.

బడి మొదటి రోజు గేటు దాకా వెళ్లి, లోపల అందరూ నాకంటే చిన్నవాళ్లని సిగ్గుపడి తిరిగి వచ్చేశాను. అక్క తలుపు తీయలేదు. కిటికీలోంచి, "బడి వదిలే వేళకు రా, తీస్తాను" అంది. బయట వాన. మళ్లీ బడికే వెళ్లాను.

జూన్ 28, ఉదయం 11 గంటలు

వీధి చివరి ఆవిడ బండి మాట్లాడుకుని వచ్చింది. మిషను దింపించమని అక్క నాకు చెప్పింది.

దింపను అన్నాను.

"ఏమన్నావ్?" అంది. మళ్లీ చెప్పాను: ఇవ్వాలనుంటే నువ్వే పైకెక్కి నీ చేత్తో ఇవ్వు. లే అక్కా.

"పట్టా నెత్తికెక్కిందిరా నీకు! నాకే చెప్పేంతవాడివయ్యావా?" అంటూ లేచింది. మొదటి మెట్టు మీద నన్ను తిట్టింది, రెండో మెట్టు మీద నా బడిని, మూడో మెట్టు మీద నా భార్య నవ్వుతోందని ఆమెను. థెరపిస్టు నేర్పినట్టు ప్రతి మెట్టుకూ మంచి కాలే ముందు వేసింది. నేను ఒక మెట్టు కింద, వెనకే ఉన్నాను. పడితే నా మీదే పడాలి.

ఐదో దాని దగ్గర ఆగింది. కడ్డీ బిగించింది. తిట్లు కూడా ఆగిపోయాయి.

"ఎక్కు" అన్నాను.

ఎక్కింది.

తొమ్మిదో మెట్టు మీద కూర్చుని అక్క రొప్పుతుంటే, కింద నుంచి ఆవిడ, మరోరోజు రానా అని అడిగింది. "ఎందుకమ్మా తిరగడం? మిషను సూదిలో ఇంకా నా దారమే ఉంది" అంది అక్క.

కిందికి దించడానికి అరగంట పట్టింది. తర్వాత ఒక్కణ్ణే వెళ్లి, తొమ్మిదో మెట్టు పక్క గోడ మీద పెన్సిలుతో సంతకం పెట్టాను. గోడ పాడుచేయకురా అని గదిలోంచి కేక.

జూన్ 29

దీన్ని చదవవలసింది మా అక్క. ఈ పుస్తకం మేడ మీద ఆమె మిషను మీద పెడుతున్నాను. ఎవరూ కిందికి తెచ్చి ఇవ్వకూడదు.

అక్కా, ఇంకా ఆరు. మంచి కాలు ముందు.