రెండు గీతలు ఎక్కువ

అక్కకి,

తమ్ముడు నమస్కరించి రాసేది. నువ్వు నాన్న లేత్ మీద చేసిన ఇనుప షాఫ్ట్ అందింది. అందడం వరకే. మా ప్రెస్సులో మెషిన్ బుష్ కన్నంలోకి పోనంటే పోనంటోంది. నూనె పోశాను, బతిమాలాను, చివరికి తిట్టాను. మా యజమాని పక్కనే నిలబడి, "మీ నాన్నగారి షాఫ్ట్ వేలితో తోస్తే వెళ్ళేదయ్యా" అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

నాన్న కొలతలు తీసే వెర్నియర్ రెండు గీతలు ఎక్కువ చూపిస్తుందని తెలిసి, కొలతలో ముందే రెండు గీతలు కలిపి పంపాను. నువ్వేం వెలగబెట్టావు? నాన్న పోయాక షెడ్డు నడుపుతానని నువ్వంటే సరేనన్నాను. ఇంకోటి చేసి పంపు. అదీ పట్టకపోతే లేత్ అమ్మేద్దాం. కొంటానన్నాయన నా చుట్టూ తిరుగుతున్నాడు. కొలత ఈ కాగితం వెనక రాశాను.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. నీ షాఫ్ట్ వృథా పోలేదు. కాగితాలు ఎగరకుండా యజమాని వాటి మీద పెట్టుకున్నాడు.

*

ఒరేయ్ తమ్ముడూ,

అక్క దీవెనలు. కలిపానన్న ముక్క అప్పుడే రాసి ఏడవొద్దూ? నేనూ రెండు గీతలు కలిపాను. "రెండు గీతలు ఎక్కువ రానిచ్చి ఆపాలి, దీని బుద్ధే అంత" అని నాన్న రోజూ అనేవాడు కదా. ఆయనున్నన్నాళ్ళూ దాంతో నన్ను కొలవనిచ్చాడా? తుడవడానికి ఇచ్చేవాడు, అదీ ఎదురుగా నిలబడి. మొన్నే మొదటిసారి ఒక్కదాన్నే కొలిచాను.

లేత్ అమ్మడం కుదరదు. పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే ఆ నూనె వాసనకి, ఆయన లోపలే ఉండి "ఆలస్యమైందే" అంటాడనిపిస్తుంది. అది అమ్ముకుని నేనెక్కడికి పోను?

ఈసారీ నువ్వు కలిపే ఉంటావని, నీ అంకె దగ్గరే ఆపేశాను. షాఫ్ట్ దీంతోపాటే పంపుతున్నాను.

ఇట్లు,
మీ అక్క

తా.క. అమ్మ కూడా రెండు గీతలు కలపబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

*

అక్కా,

నమస్కారం. కొంప ముంచావనుకున్నాను. నువ్వు కూడా కలుపుతున్నావని అనుమానమొచ్చి, కిందటి ఉత్తరం వెనక నేను కలపకుండా అసలు కొలతే రాశాను. నువ్వూ కలపలేదంటే, ఆ వెర్నియర్ లెక్కన షాఫ్ట్ వదులుగా ఊగాలి. పార్శిల్ విప్పకుండానే లేత్ అడిగినాయనకి కబురు పెట్టేశాను.

తర్వాత మనసొప్పక విప్పి, వేలితో తోసి చూశాను. మెత్తగా వెళ్ళి కూర్చుంది, అచ్చం నాన్న చేసినట్టు. యజమాని మళ్ళీ మళ్ళీ తీసి పెట్టి చూశాడు. ఇదెలా కుదిరిందో నాకు అంతుబట్టడం లేదు.

ఇట్లు,
తమ్ముడు

తా.క. లేత్ అడిగినాయన బయల్దేరిపోయాడు. నువ్వే ఏదో ఒకటి చెప్పి పంపించు.

*

తమ్ముడికి,

దీవెనలు. నీ ఉత్తరం చదివి, వెర్నియర్ దవడలు రెండూ దగ్గరికి మూసి చూశాను. సున్నాకి సరిగ్గా సున్నా. వెంట్రుకవాసి తేడా లేదు. కొలిచే ముందు ఎవరైనా చూసుకోవాల్సింది అదే. మనిద్దరం ఒక్కసారీ చూడలేదు. నాన్న చెప్పాక మళ్ళీ చూసేదేముందని.

అమ్మనడిగితే నవ్వింది, ఆ వెంటనే కళ్ళు తుడుచుకుంది. నాన్నకి కుడి కన్ను మసకట. గీతల్ని ఎదురుగా కాకుండా మెడ వంచి, ఎడమ కంటితో పక్కనుంచి చూసేవాడట. కళ్ళజోడు పెట్టించుకోమంటే, "నా కళ్ళకేం, ఈ వెర్నియరే రెండు గీతలు ఎక్కువ చూపిస్తోంది" అనేవాడట. ఆయన తన చూపుకి సరిపడా కలుపుకున్నాడు. మనం ఎందుకో తెలియకుండానే కలిపాం.

లేత్ కోసం వచ్చినాయన్ని అమ్మే పంపేసింది. ఆయన వెళ్ళాక నాన్న స్టూలు మీద కూర్చుని, కుడి కన్ను మూసుకుని, మెడ ఎడమకి వంచి వెర్నియర్ చూశాను. రెండు గీతలు ఎక్కువే ఉన్నాయిరా. లేవబుద్ధి కాక, అలా చూస్తూనే ఉండిపోయాను.

ఇట్లు,
మీ అక్క

తా.క. నీ ఉత్తరాల్లో వరసలు ఈమధ్య ఏటవాలుగా పోతున్నాయి. నాన్న రాత కూడా ఇలాగే మొదలైందట. అమ్మ నిన్ను వెంటనే కళ్ళు చూపించుకోమంది. కాగితమే వంకరని మాత్రం జవాబు రాయకు.