మెట్ల కింద నీళ్లు

శుక్రవారం రాత్రి, కిరండూల్

ఈ రోజు నేను చెయ్యెత్తాను.

కొండ మీది ఊరి నుంచి బుధ్రి చంటిబిడ్డతో వచ్చి, మా గని క్వార్టర్స్ మెట్ల కింది నీడలో చింతపండు అమ్ముకుంటుంది. ఆమెను పంపించెయ్యాలని ఇక్కడి ఆడవాళ్లంతా పట్టుబట్టారు. పక్కింటి సీతక్కది మాత్రం ప్రతి శుక్రవారం భజన అయ్యాక ఒకటే మాట: "బిడ్డనేసుకొని ఎండల యాడికి పోతది? ఉండనియ్యండి." గొంతు పెంచదు, కోపగించుకోదు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని. తర్వాత్తర్వాత అన్నం వారుస్తున్నా ఆ మాటే గుర్తొచ్చేది.

"బుధ్రి ఉండాలనేవాళ్లు చేతులెత్తండి" అన్నారు ఈ రోజు భజన అయ్యాక, ఆమెను పంపించాలని అందరికంటే ముందు పట్టుబట్టిన రాజ్యలక్ష్మి గారు. సీతక్క ఎత్తింది. నేనూ ఎత్తాను.

"నోట్లో నాలుక లేని పిల్లవి, నువ్వు కూడానా!" అన్నారావిడ.

తల దించుకున్నాను గానీ చెయ్యి దించలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఏదీ తేల్చకుండానే లేచిపోయారు.

మా ఆయనకు చెప్తే, గని దుమ్ము వదలని చేతుల్లోకి నా చెయ్యి తీసుకుని "నొప్పెట్టిందా?" అన్నారు.

పొద్దున్నే బుధ్రి వస్తే తాగుతుందని, ఇందాక మెట్ల కింద మంచినీళ్లు పెట్టడానికి వెళ్లాను. అక్కడ అప్పటికే ఒక నీళ్ల బిందె మూతపెట్టి ఉంది. సీతక్కదేమో అనుకున్నాను. మూత మీద రాజ్యలక్ష్మి గారి పేరు చెక్కి ఉంది.