పేరు మొదటి అక్షరం

జులై 8, మంగళవారం

ఆయన "నీళ్ళు" అన్నాడు.

గ్లాసు చూపించి నేను "నీ…" అని ఆగాను. పెదాలు కదిలాయి, కదిలాయి… మిగతాది ఆయనే పూర్తి చేశాడు. పోయిన ఏడాది పక్షవాతంతో మాట పడిపోయాక నోరు తెరిచి నీళ్ళు అడగడం ఇదే మొదలు. గ్లాసు నిండా పోసి అందించాను.

శైలజ చప్పట్లు కొట్టింది. మాట నేర్పే పిల్ల. అనంతపురంలో స్ట్రోకు డాక్టర్లంతా కలిసి పెట్టుకున్న సంఘం ఆమెను మంగళవారాలు ఉరవకొండకు పంపుతోంది. పద్ధతి చిన్నదే — వస్తువు చూపాలి, మొదటి అక్షరం మనం అందించాలి, ఆగాలి. తొందరపెట్టకూడదు. మనమే చెప్పేయకూడదు.

జులై 9

కాఫీ అయ్యాక మాటలు. ఎండ తగ్గాక పడిపోయిన కుడి చేతికి వ్యాయామం. ఇంటి జమాఖర్చు ఎలా రాస్తానో ఇదీ అలాగే, ఏ పూటది ఆ పూటకే.

వాన లేదు. గాలి మాత్రం తలుపులు బాదుతోంది.

జులై 11

ఉప్పు అడగలేడు, దుప్పటి అడగలేడు. కానీ వీధిలో బస్సు హారను వినిపించిందంటే చాలు — "విడపనకల్, విడపనకల్! దిగేటోళ్ళు ముందుకు రాండప్పా!" తడబాటు లేదు. కండక్టరుగా ఏళ్ళ తరబడి అరిచిన కేక కదా. అలవాటు మాటలు మెదడులో వేరే చోట ఉంటాయట, శైలజ చెప్పింది. పాలు పోయడానికి వచ్చినామె ఉలిక్కిపడి పక్కకు జరిగింది. ఆయనకు నవ్వు.

జులై 15, మంగళవారం

శైలజ కొత్త మాట ఇచ్చింది. ఆయన పేరు.

"ఆయన పేరు ఆయన చెప్పుకోగలగాలమ్మా. మీరు 'ఎ…' అని అందించండి, చాలు."

నాకు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. "మొగుని పేరు నోటితో చెప్తే ఆయుష్షు తగ్గుతాదంటారమ్మా మా పక్క."

"అక్షరం ఒక్కటే కదా, పేరు మొత్తం కాదుగా! నేనైతే మా ఆయన్ని కోపం వస్తే ఒరేయ్ అని కూడా అంటా."

నాగమ్మ వదిన అప్పుడే లోపలికి వచ్చింది. ఆయనకు అక్క, వెనక వీధిలో ఉంటుంది. "ఈయమ్మతో అయ్యేపని కాదులే తల్లీ. రేషను షాపులో మొగుని పేరు అడిగితే నా మొగం చూస్తాది. నేను చెప్పిస్తా. ఒరే ఎర్రిస్వామీ! నీ పేరు చెప్పురా!"

ఆయన అక్కను చూసి నవ్వాడు. నోరు తెరవబోయాడు కూడా.

"వద్దొదినా, పొద్దున్నే నేనే చేయిస్తాలే" అన్నాను.

ఎందుకన్నానో. ఆయన మాటలన్నీ నా చేతి మీదుగానే తిరిగి రావాలనిపించిందేమో.

జులై 16

ఎదురుగా కూర్చున్నాను. నోరు తెరిచాను. రాలేదు.

ఫారాల మీద ఎన్నిసార్లు రాసి ఉంటానో ఆ పేరు. రాయడం వేరు. పోయి తిరిగి వచ్చిన ప్రాణం ఎదురుగా కుర్చీలో కూర్చుని నా నోటి వైపే చూస్తుంటే… ఇదంతా వట్టి మాట అని తెలుసు. తెలిసినా.

"శెనక్కాయ" అనే మాట చేయించి లేచాను.

జులై 18

శెనక్కాయ — వచ్చేసింది. ఒలిచి నాకు కూడా పెట్టాడు.

పేరు — రేపు.

జులై 22, మంగళవారం

ఆదివారం అనంతపురంలో డాక్టర్ల సంఘం సభ. పక్క జిల్లాల నుంచి కూడా వస్తారట. ఆయనను వేదిక మీద కూర్చోబెట్టి నాలుగు మాటలు పలికిస్తామంది శైలజ.

"నెలలు గడిచాక ఇక మాట రాదని వాళ్ళలో చాలామంది అనుకుంటారమ్మా. మీ ఆయన్ని చూస్తే ఇంకో నాలుగు ఊర్లకు నాలాంటి వాళ్ళను పంపిస్తారు." ఆయన వైపు తిరిగి అడిగింది, "వస్తారా?"

తల ఊపాడు. రెండుసార్లు, గట్టిగా. ఈ మధ్య దేనికీ అంత గట్టిగా ఊపలేదు.

వెళ్తూ గుమ్మంలో అడిగింది. "అన్నీ చేయిస్తున్నారుగా? పేరు కూడా?"

"అన్నీ చేయిస్తాండాను."

జులై 26

గడ్డం గీయించుకున్నాడు. బీరువా తెరిచి తెల్ల చొక్కా ఆయనే చూపించాడు. పౌడరు ఎడమ చేత్తో, సగం కాలరు మీద.

వదిన — "ఏమిరా, పెండ్లికొడుకు మాదిరి తయారైతాండావే!"

"పో" అన్నాడు. ఎవరూ అందించకుండానే! ముగ్గురం నవ్వాం.

ఈ రోజైనా పేరు కోసం కూర్చోవలసింది. చొక్కా ఇస్త్రీ, జావ, మాత్రల డబ్బా… చేయకూడని పనులేమీ కావు. చేయవలసింది వదిలేసి చేసిన పనులు.

జులై 27, ఆదివారం

ఇంటికి వచ్చాం. రాయలేను.

జులై 28

పెద్ద హాలు, చల్లగా. గోడ నిండా మెదడు బొమ్మలు. డాక్టర్లు ఒకరినొకరు పలకరించుకుంటూ, టీలు తాగుతూ… మా వంతు వచ్చేసరికి అందరూ కూర్చున్నారు. ఆయన పక్కనే నాకూ కుర్చీ వేశారు. మైకు ఇద్దరి మధ్యలో.

శైలజ శెనక్కాయ చూపించింది. చెప్పాడు. గ్లాసు — చెప్పాడు. తర్వాత ఎవరో ఫోనులో బస్సు హారను మోగించారు. "విడపనకల్, విడపనకల్! దిగేటోళ్ళు ముందుకు రాండప్పా!" హాలంతా ఒకటే నవ్వు, చప్పట్లు. ఆయన మొహం… ఆ మొహం చూసి ఎన్నాళ్ళయింది. టిక్కెట్లు కొట్టి బస్సు దిగి ఇంటికి వచ్చే మొహం.

అప్పుడు ముందు వరసలో పెద్దాయన, తెల్ల జుట్టు డాక్టరు, లేచి నిలబడ్డాడు. మర్యాదగానే అడిగాడు. "బాగుంది. మీ పేరేమప్పా?"

ఆయన పెదాలు కదిలాయి. మెడ నరం లేచింది. రాలేదు. మళ్ళీ. రాలేదు. తిరిగి నా వైపు చూశాడు. ఆయనకు పద్ధతి తెలుసు, మొదటిది నేను ఇస్తాను. కింద నుంచి శైలజ కూడా నా నోటి వైపే చూస్తోంది, 'ఎ' అనేటట్టు తను నోరు అడ్డంగా తెరిచి చూపిస్తూ.

ఒక్క అక్షరం.

నేనేం చేశాను? మైకులో, "ఊర్లో అందరూ కండక్టరన్న అంటారు సార్" అన్నాను.

పెద్దాయన నవ్వి కూర్చున్నాడు. చప్పట్లు కొట్టారు మళ్ళీ. ఎవరికీ ఏమీ జరిగినట్టు లేదు.

ఆయన చూపు నా మీద నుంచి పోయింది.

బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కండక్టరు కుర్రాడు గుర్తుపట్టి "ఏమన్నా, బాగుండావా? టిక్కెట్టు నేను కొట్టాల్సొచ్చె సూడు నీకు!" అన్నాడు. దానికీ నవ్వలేదు.

జులై 29, మంగళవారం

శైలజ అడిగినా నోరు తెరవలేదు. గ్లాసు చూపిస్తే తల తిప్పుకున్నాడు.

వంటింట్లోకి వచ్చి మెల్లగా అడిగింది. చెప్పేశాను. పేరు ఒక్క రోజు కూడా చేయించలేదని.

కోప్పడలేదు. "ముందే అనుంటే ఆ ప్రశ్నకు నేను అడ్డం వెళ్ళేదాన్ని కదమ్మా." సంఘం వాళ్ళు మెచ్చుకున్నారట, ఇంకో రెండు ఊర్లకు పంపుతారట. సంతోషంగా చెప్పలేకపోయింది పాపం.

జులై 31

వీధిలో బస్సు హారను. నేను చేస్తున్న పని ఆపి విన్నాను.

ఏమీ లేదు.

ఆగస్టు 1

నీళ్ళు కావాలంటే గ్లాసు బల్ల మీద కొడుతున్నాడు. మొన్నటి దాకా అడిగిన మనిషి.

ఆగస్టు 2

వదినను నేనే పిలిచాను. "నువ్వే చెప్పించొదినా."

"ఆ పొద్దు వద్దంటివి" అంది. అంటుంది, అనాలి. అయినా కూర్చుంది. ఒరే ఎర్రిస్వామీ, ఒరే అబ్బయా, సూడ్రా నా వైపు… గడ్డం పట్టుకుని బతిమాలింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. పోతూ కొంగుతో మొహం తుడుచుకుని, "నా మీద అలిగింది కాదు లేమ్మా వాడు" అంది.

నాకు తెలియదా.

ఆగస్టు 3, ఆదివారం

మధ్యాహ్నం పెరట్లో బట్టలు ఆరేస్తూ అన్నాను. ముందు ఆ అక్షరం. తర్వాత మొత్తం. నా నోటితో, ఇన్నేళ్ళకు. దుప్పటి గాలికి చెంప మీద కొట్టింది, అంతే. ఇంతేనా అనిపించింది. ఇంత చిన్నదాని కోసమా ఆయన్ని అంతమంది ముందు అలా వదిలేశాను.

చేతులు తుడుచుకుని లోపలికి వచ్చి ఎదురుగా కూర్చున్నాను. ఎంతసేపటికో నా వైపు చూశాడు.

"ఎ…" అన్నాను. ఆగాను.

నా నోటినే చూశాడు. పెదాలు కొంచెం విడ్డాయి. వస్తుందనే అనుకున్నాను. ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. లేచి నా నోరు మూసింది. గట్టిగా కాదు. అరచేయి అలాగే ఉంచాడు.

నేను ఆ పేరు పలకొద్దనా? లేక ఇంక ఈ మాటలే వద్దనా? కళ్ళలో చూస్తే తెలియలేదు. ఎప్పుడూ తెలిసేది.

చెయ్యి అడ్డం ఉండగానే అదే అడిగాను, పేరొద్దా, మాటలే వద్దా అని.

ఆయనకు ఏం వినపడిందో.