కుడి తుంటిలో మెరిసిన చుక్క

మంగళవారం, ఉప్పల్

నా ప్రోస్టేట్ క్యాన్సర్ గ్రంథి దాటలేదని ఎమ్మారై చెప్పింది. పెట్ స్కానేమో కుడి తుంటి ఎముకలో ఒక చుక్క మెరుస్తోందంది.

"క్యాన్సర్ ఎముకకు పాకినా, పాత దెబ్బ ఉన్నా గట్ల మెరుస్తది. ఆ పక్కకు ఎప్పుడన్న పడ్డరా పెద్దాయనా?" అన్నాడు డాక్టరు.

ఇంకేం, నాచారంలో స్కూటర్ మీద నుంచి పడ్డ కథ మొత్తం విప్పాను, అడ్డమొచ్చిన గేదెతో సహా. కుడి తుంటి చరిచి చూపించాను. ఆయన నవ్వుతూ రాసుకున్నాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ అన్నం గరిటె పక్కన పెట్టింది. "ఏందయ్యా, నెల దినాలు కాపడం పెట్టింది నేను. ఎడమ తుంటి అది."

నిజమే. చరచడానికి కుడి చెయ్యి వాటమని ఎప్పుడో కథలో పక్క మార్చేశాను.

రేపు డాక్టరుకు నిజం చెబితే ఎముకలోంచి ముక్క తీసి చూస్తారు. చెప్పకపోతే ఆ చుక్కను నాలోనే ఉంచి, గ్రంథి ఒక్కటే కోసి పంపిస్తారు.