నలభై ఒకటో కార్డు

చిరంజీవి తమ్ముడు దస్తగిరికి, కువైట్ నుంచి అక్క మస్తానమ్మ దీవించి రాస్తున్నది.

నేను బాగున్నాను. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? జేజి కంటికి చుక్కలు వేస్తున్నారా, లేక సీసాను గూట్లో పెట్టి మరిచిపోయారా? నీ భార్య, పిల్లలు బాగున్నారనే అనుకుంటున్నాను. నా గురించి దిగులు పడొద్దని అమ్మకు చెప్పు. ఫోను చేతిలో ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఈ సంగతి ఎత్తిన రెండుసార్లూ నువ్వు "సిగ్నల్ లేదక్కా" అన్నావు. కాగితానికి సిగ్నల్ అక్కర్లేదు, అందుకే రాస్తున్నాను. మా పక్కింట్లో వంట చేసే దువ్వూరు రమణమ్మ సెలవు మీద వస్తోంది. ఇది తెచ్చి నీ చేతికిస్తుంది.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మన పొద్దుటూరు ఎండను తిట్టుకునేదాన్ని గానీ అక్కడ వేపచెట్టు నీడన్నా ఉంటుంది. ఇక్కడ చెత్తబుట్ట బయట పెట్టి వచ్చేలోగా చెప్పుల్లోంచి కాళ్లు కాలుతాయి. ఇంట్లో పిల్లలు ఆరుగురు. పొద్దున లేచింది మొదలు ఒకడికి గుడ్డు, ఒకడికి జున్ను, ఒకడికి ఏదీ వద్దు. మేడం మంచిదే, గొంతే పెద్దది. శుక్రవారం సాయంత్రం రమణమ్మా నేనూ వాళ్ల వెనక గదిలో గిన్నెడు సంగటి కెలుక్కుని తింటాం. ఆ ఒక్క పూట కడుపు నిండినట్టు ఉంటుంది. మిగిలిన ఆరు రోజులూ మాట్లాడటానికి మనిషి లేక నాలుక ఎండిపోతుంది. ఏడవను, ఏడవడానికి తీరిక లేదు. నేను బాగానే ఉన్నాను.

పోయిన శుక్రవారం సంగటి తింటూ ఉండగా రమణమ్మ తన ఫోను నా ముందు పెట్టింది. "ఇది మీ తమ్ముడే గదా?" అంది. బస్టాండు దగ్గర కట్టిన ఫ్లెక్సీ. నల్ల కళ్లద్దాలు, చేతిలో మైకు, నిలువెత్తు నువ్వు. కింద డీజే దస్తగిరి అని బంగారు రంగు అక్షరాలు. నీ పుట్టినరోజేమో అనుకున్నాను. అప్పుడు పైన మూలకు చూశాను. చిన్న గుండ్రంలో, అరచేతిలో సగం కూడా లేని బొమ్మలో ఓబులేసు మామ. ఆ గుండ్రానికి దండ వేసి ఉంది.

ఆయన పోయి అప్పటికి పదకొండు రోజులట. ఆ పదకొండు రోజుల్లో నువ్వు నాతో మూడుసార్లు మాట్లాడావు. కొత్త స్పీకరు బాక్సులు వచ్చాయన్నావు. పులివెందుల పెళ్లిలో నీ సెట్టు మోగితే కిటికీ అద్దాలు అదిరాయన్నావు. ఓబులేసు మామ పోయాడని మాత్రం అనలేదు. తర్వాత నేను అడిగితే "నీకు బాధని చెప్పలేదు లేక్కా" అన్నావు. నా బాధ మీద నీకు అంత దయ ఎప్పటినుంచో!

నీకు గుర్తుందో లేదో, నాకైతే అంతా గుర్తే. గురువారం సాయంత్రం ఐదు కొట్టేసరికి నాయన దూది ఏకే మిషను ఆపేసేవాడు. కొట్లో ఎగిరే దూది ఇంకా కిందికి దిగకముందే రేడియోలో ఓబులేసు మామ గొంతు వచ్చేది. "ఇది కొత్త గొంతు. ఈ గొంతు మీరు ఇంతవరకూ యాడా వినుండరు. నేను కూడా మొన్ననే వింటి." సినిమా పాట ఒక్కటి వేసేవాడు కాదు. జమ్మలమడుగు ఆసుపత్రిలో నేల తుడిచే ఆమె పాడిన పాట, పులివెందులలో చీనీ కాయలు కోసే కూలీలు కట్టిన పాట, గొర్రెలు కాసుకునే ముసలాయన పాట. ఆ చిన్న రేడియో కేంద్రానికి ఉన్నదే రెండు గదులు. అందులో ఒక గది తలుపు పాట తెచ్చిన ప్రతివాడికీ తీసి ఉండేది. ఆయన పద్ధతి కూడా నీకు తెలుసు. కొత్త పాటను వరసగా మూడు గురువారాలు వేసేవాడు. మూడోసారికి పది కార్డులు వస్తే పాడినవాళ్లను మళ్లీ పిలిచేవాడు. ఫోన్లు ఒప్పుకునేవాడు కాదు. "ఫోను చేసేటోడు పాట వినకుండా గూడా చేస్తాడు. కార్డు రాయాలంటే వినాల్సిందే" అనేవాడు. కార్డు మీద ముందు మన పేరు, నాయన పేరు, ఊరు రాయాలి. ఆ తర్వాతే పాట గురించి. పేరు లేని మెప్పు ఆయన గాలిలోకి చదివేవాడే కాదు.

నీ పాట కోసం ఆయన మన కొట్టుకే వచ్చాడు. రేడియో గదిలో నీ గొంతు బిగుసుకుపోయిందని, టేపు చంకన పెట్టుకుని సైకిల్ మీద వచ్చాడు. నాయన మర్యాదకు మిషను ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆపొద్దు హుసేనయ్యా. పిల్లోనికి తాళం ఆ చప్పుడే. దాన్ని తీసేస్తే పాటలో ఏముంటాది?"

నువ్వు దూది మూటల మీద కూర్చుని పాడావు. ఆయన తలంతా తెల్లగా దూది పట్టింది. పాట అయ్యాక దులుపుకోకుండా అట్లే బజారు వెంట పోయాడు. నువ్వు వాకిట్లో నిలబడి ఆయన మలుపు తిరిగేదాకా చూశావు. నీకు అంత సంతోషం మళ్లీ నేను చూడలేదు.

మూడో గురువారానికి నీ పాటకు వచ్చినవి నాలుగే కార్డులు. అందులో ఒకటి నాది. సరిగ్గా అప్పుడే కొత్త మేనేజరు మొండికేశాడు. ఈ పాటలు వినేవాళ్లు ఎవరూ లేరు, ఉంటే నెలలోగా నలభై కార్డులు చూపించు, లేకపోతే ఆ గంట సినిమా పాటలకు ఇచ్చేస్తాను అన్నాడు. ఓబులేసు మామ ఆ మాట రేడియోలోనే చెప్పి, "వినేవాళ్లుంటే రాయండి, లేకుంటే లేదు" అని నవ్వేశాడు. ఆ నవ్వుకు మనిద్దరం భయపడిపోయాం.

ఆయన కార్యక్రమం కోసమే చేశామని ఇన్నాళ్లూ చెప్పుకున్నాం. నిజం చెప్పు దస్తగిరీ, నీ పాట కోసం కదా? నీ పాట నాలుగు కార్డులతో చచ్చిపోకూడదని కదా నేను రెండు మధ్యాహ్నాలు పరుపుల మీద బోర్లా పడుకుని రాసింది? పేర్లు నువ్వు చెప్పావు, చెయ్యి మార్చి మార్చి నేను రాశాను. జమ్మలమడుగువి కొన్ని, పులివెందులవి కొన్ని, దువ్వూరువి కొన్ని. మూడు కట్టలు కట్టి, ఏ ఊరి కట్ట ఆ ఊరి డబ్బాలో వెయ్యమని బస్సు చార్జీలు నీ చేతికిచ్చాను. నువ్వు బస్టాండుదాకా పోయావు. అక్కడున్న డబ్బాలో నలభై కార్డులూ ఒక్కసారే కుమ్మరించి, నా చార్జీలతో సినిమాకు పోయావు. ఇంటికొచ్చి మూడు ఊర్లూ తిరిగినవాడిలా కాళ్లు నొప్పులన్నావు. నేను నీ కాళ్లు కూడా పిసికాను.

మేనేజరు ఒకే ఊరి తపాలా ముద్ర పడ్డ ఆ కార్డులను బల్ల మీద పరిచి అందరి ముందూ అడిగిన మాట ఊరంతా చెప్పుకుంది.

"పులివెందులోడు కార్డు రాసుకోని పొద్దుటూరు డబ్బాలో ఏస్తాడా? నలభై మందీ ఒక్క దినమే బస్సెక్కి వచ్చినారా?"

ఎవరు రాశారో రేపటికల్లా తేల్చు, లేకుంటే చీటింగని కేసు పెట్టి ఇంటింటికీ తిరిగి కనుక్కుంటానని కట్టను ఓబులేసు మామ చేతికే ఇచ్చాడు. మర్నాడు ఓబులేసు మామ పోయి, "నేనే రాసినా" అన్నాడు. అంతే. ఆ గంటా పోయింది, ఉద్యోగమూ పోయింది. దొంగకార్డులోడు అనే పేరు మాత్రం మిగిలింది.

నేను పోయి నిజం చెప్పేస్తానంటే నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు. "వద్దక్కా, చెప్పినామంటే ఇంక నా పాట యాడా రానీయరు. ఆయప్పే ఒప్పుకున్యాడు గదా, గమ్మునుండు." నేను గమ్మునున్నాను. నిన్నొక్కడినే అనడం లేదు, నేనూ గమ్మునున్నాను. పాపం, విసిగిపోయి ఏదో ఒకటి అనేసి బయటపడ్డాడులే అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. ఆ పాట విన్న ఆర్కెస్ట్రావాళ్లే కదా ఆ ఏడాది నిన్ను వెతుక్కుంటూ వచ్చి తీసుకుపోయింది. ఈ రోజు నీ బాక్సులు, నీ జనరేటరు, నీ కళ్లద్దాలు అన్నీ అక్కడ మొదలైనవే.

ఆయనకు మాత్రం ఆటో దొరికింది. వెనక మైకు కట్టుకుని, చీరల కొట్టుకు తగ్గింపు ధరలు అరుస్తూ వీధులు తిరిగేవాడు. అంత మంచి గొంతు! కొత్త పాట వచ్చిందని చెప్పినంత శ్రద్ధగా జాకెట్టు గుడ్డ ఉచితమని చెప్పేవాడు. అది విని నవ్వినవాళ్లలో ఇప్పుడు ఆ ఫ్లెక్సీకి చందాలిచ్చినవాళ్లు ఎంతమందో నాకు తెలుసు. నేను కువైట్‌కు వచ్చే ముందు ఒకరోజు నన్ను చూసి ఆటో ఆపించాడు. మైకు నోటికి దూరంగా పెట్టి అడిగాడు.

"ఏం మ్మే మస్తానీ, మీ తమ్ముడు కొత్త పాట ఏమన్నా కట్టినాడా?"

లేదని తల ఊపాను. "కట్టమను" అన్నాడు. ఆటో కదిలింది.

మొన్న రమణమ్మ నంబరు కనుక్కుని ఇస్తే లక్షుమ్మత్తకు ఫోను చేశాను. ఆయన భార్య నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, చదువు.

"మీ కార్డులని ఆయనకు చూస్తానే తెల్సు మ్మే. ప్రతి కార్డు మిందా సిరాకు దూది అంటుకోనుండె. వసారాలో కూసోని నలభై కార్డులకూ గోటితో ఆ దూదంతా గీరి తీసేసినాడు. ఏంది నువ్వు చేస్తాండే పని అని అడిగితి. పిల్లోళ్లు లేవే, పాట మింద ఆశ, దూది చూసినారంటే నేరుగా హుసేనయ్య కొట్టు కాడికి పోతారు అన్యాడు. మళ్ల ఆ మాట నా దగ్గర గూడా ఎత్తలేదు."

అర్థమైందా దస్తగిరీ? ఆయన విసిగిపోలేదు. తెలిసే తన మెడకు చుట్టుకున్నాడు. తెలిసే నన్ను మస్తానీ అని పిలిచి నీ పాట గురించి అడిగాడు. ఈ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం లోపలికి పోవడం లేదు. నేను బాగున్నానని పైన రెండుసార్లు రాశాను. బాగాలేను.

ఇంకా ఏమైనా కావాలా అత్తా, పంపిస్తానని అడిగాను. "నాకేం వద్దు మ్మే. మా మనమడిని బడిలో దొంగకార్డులోని మనమడా అంటాండారు. సచ్చిపోయినంక గూడా ఆ మాట పోకుంటే ఎట్ల?" అంది. వేరే ఏమీ అడగలేదు.

ఈ నెల ఆఖరు ఆదివారం సంతాపసభట. అధ్యక్షుడు ఆ మేనేజరేనట. ముఖ్యంగా మాట్లాడేది నువ్వట. ఓబులేసు మామ నా గురువు, నన్ను వెలుగులోకి తెచ్చాడు అని గొంతు వణికించి చెబుతావు, నాకు తెలుసు. చప్పట్లు కూడా కొడతారు. లక్షుమ్మత్త ముందు కుర్చీలో కూర్చుని శాలువా కప్పించుకుని ఆ దొంగ పేరుతోనే ఇంటికి పోతుంది. అట్లా జరగడానికి వీల్లేదు. కార్డులు రాసింది మా అక్క, పేర్లు చెప్పింది నేను, డబ్బాలో వేసింది నేను అని ఆ మైకులోనే చెప్పు. నీ బాక్సులతోనే చెప్పు, కిటికీ అద్దాలు అదిరేటట్టు చెప్పు. పెళ్లి బేరాలు రెండు పోతాయేమో, పోనీ. ఆయనకు పోయినంత పోదు.

ఆ రోజు నేను కొన్న కార్డులు నలభై ఒకటి. మిగిలిన ఒకటి పారేయబుద్ధి కాక నా పెట్టె అడుగునే ఉండిపోయింది, ఇక్కడికీ నాతోనే వచ్చింది. నిన్న దాన్ని రాశాను. ఆయన అడిగే పద్ధతిలోనే రాశాను.

"కొత్త గొంతు కార్యక్రమానికి. నా పేరు మస్తానమ్మ. నాయన పేరు పరుపుల హుసేనయ్య. ఊరు ప్రొద్దుటూరు. ఆ నలభై కార్డులు నేనూ నా తమ్ముడు దస్తగిరీ రాసినవి. ఓబులేసు మామ ఒక్క కార్డు కూడా రాయలేదు."

ఆ కార్డు ఈ కవరులో వెతకొద్దు. రమణమ్మ దగ్గర ఉంది. ఆమె సభకు వచ్చి లక్షుమ్మత్త పక్కనే కూర్చుంటుంది. నువ్వు చెప్పాల్సింది చెబితే కార్డు మడిచి నీ చేతిలో పెట్టి వెళ్లిపోతుంది. చెప్పకుండా మైకు వదిలావంటే లేచి నిలబడి చదువుతుంది. ఆమెకు చదువు బాగా వచ్చు, గొంతు కూడా పెద్దదే. నిన్ను బెదిరిస్తున్నానని అనుకో, పర్వాలేదు. కానీ ఆ కార్డు చదివే అవసరం రాకూడదని నేను ఐదు పూటలా దువా చేస్తున్నాను. నువ్వు నా తమ్ముడివి.

రమణమ్మ తిరిగి వచ్చేటప్పుడు చెనక్కాయల పొడి, కొంచెం ఎండుమిరపకాయలు ఇచ్చి పంపించు. పిల్లలకు చాక్లెట్లు పెట్టాను, అమ్మకు మోకాళ్లకు రాసుకునే మందు పెట్టాను. అమ్మకూ జేజికీ నా సలాములు, నా తల మీద చెయ్యి పెట్టినట్టు అనుకుని ఒకసారి దీవించమను. నీ పెద్ద పిల్లకు పాట వస్తుందని విన్నాను. పాడనివ్వు. ఆదివారం సభ అయ్యాక లక్షుమ్మత్త కాళ్లకు దండం పెట్టు. అంతవరకూ నాకు ఫోను చెయ్యకు.

ఇట్లు,
నీ అక్క మస్తానమ్మ,
పరుపుల హుసేనయ్య కూతురు,
ప్రొద్దుటూరు.