రెండు నగరాలు, ఒక బంద్ రోజు

నవంబర్ 14

పొగమంచు. హౌరా రేవులో లాంచీ కదల్లేదు. నది లేదు, అవతలి ఒడ్డు లేదు, కింద నీళ్ళ చప్పుడు ఒకటే ఉంది... ఇంకాసేపు ఇలాగే ఉంటే బాగుండు అనుకున్నా. ఆఫీసుకి ఆలస్యమైతే మా మేనేజరు సేన్‌దా మొహం ముడుచుకుంటారు. ముడుచుకోనీ.

ముడుచుకోలేదు. పిలిచి కూర్చోమన్నారు. స్వీడన్ నుంచి ఒక కుటుంబం వస్తోందట. భర్త ఇంజినీరు. వాళ్ళ కంపెనీ రెండు ఊళ్ళు చూపించి కోరుకోమంది — కలకత్తా లేదా హైదరాబాద్. పిల్లకి ఎక్కడ బడి నచ్చితే అక్కడ కాపురం. రెండు ఊళ్ళనీ పక్కపక్కన పెట్టి రిపోర్టు రాయాలి. బడి, ఇల్లు, డాక్టరు, రాకపోకలు, గాలి. రాసేది నేనే. విదేశాల వాళ్ళకి ఇళ్ళూ బళ్ళూ చూసిపెట్టే మా ఆఫీసుకి ఈ ఊళ్ళో మిగిలింది ఈ ఒక్క కుటుంబమే. వాళ్ళు ఇక్కడికొస్తే శాఖ నిలబడుతుంది. హైదరాబాద్ అంటే మార్చిలో తాళం. సేన్‌దా టీ కప్పులోకి చూస్తూ చెప్పారు.

తాళం పడితే నాకిక ఇక్కడ ఉండడానికి వంక లేదు. మా ఆయన హైదరాబాద్‌కి బదిలీ అయి ఏడాది. నేనూ మా పిల్ల తులసీ ఎప్పుడొస్తామా అని చూస్తున్నారు. ఉద్యోగం ఉంది కదా అంటూ నెట్టుకొస్తున్నా.

నవంబర్ 15

ఆయన ఫోన్. తులసికి తొమ్మిదేళ్ళొచ్చాయి, తెలుగులో తన పేరు కూడా చదవలేదు, ఎన్నాళ్ళిలా అన్నారు. నిజమే. మొన్న నాన్నకి ఉత్తరం రాసింది — మాటలు తెలుగు, అక్షరాలు బెంగాలీ. ఆయనకి ఒక్క ముక్క అర్థంకాక ఫోన్ చేస్తే, ఏం రాసిందో గుర్తు చేసుకుని తనే చెప్పింది. ఆయన నవ్వారు.

నవంబర్ 17

రిపోర్టు మొదలుపెట్టా. హైదరాబాద్ బడి ఆటస్థలం ఫోటోలో పట్టనంత ఉంది. ఇక్కడి బడికి మేడ మీద వల కట్టిన చోటు. రాశాను. అక్కడ డాక్టరు పదినిమిషాల దూరం. రాశాను. ‘గాలి’ అన్న గడి దగ్గర ఆగిపోయా. మేముండే లిలువాలో సాయంత్రం బొగ్గుపొయ్యిల పొగ, తడిసిన గోనెల వాసన, కొత్త ఖర్జూరబెల్లం కాగుతున్న తీపి — మూడూ కలిసి మంచులో కిందికి దిగుతాయి. చెడ్డ గాలే. పీల్చుకుంటూ పెరిగాను. ‘మధ్యస్థం’ అని రాశా.

పక్క వాటాలోంచి అమ్మ వచ్చి, ఏం రాస్తున్నావంది. చెప్పా.

“ఒలే, దొరల పిల్లకి రెండూళ్ళు తిరిగి బడి ఎతుకుతున్నావు. మరి మన పిల్లకేటి సేస్తావు?”

నన్ను దెప్పడమంటే ఆవిడకి పండగ. కోపం వచ్చింది.

నవంబర్ 20

స్వీడన్ వాళ్ళు ఎల్లుండి దిగుతున్నారు. ఆ మర్నాడే బంద్‌ట. సేన్‌దా తల పట్టుకుని కూర్చున్నారు.

నవంబర్ 22

బంద్ ముందురోజు ఈ ఊళ్ళో ఉద్యోగస్తులందరూ చేసే పనే నేనూ చేశా — సంచిలో ఒక చీర, పళ్ళపొడి. రేపు రైళ్ళు ఉండవు, లాంచీ ఉండదు. కనక వాళ్ళు దిగిన బాలీగంజ్ గెస్ట్‌హౌస్‌లోనే నాకూ ఒక మంచం. వాళ్ళకి చూసిన ఇల్లూ ఆ వీధిలోనే. తులసి అమ్మమ్మ దగ్గర.

భర్త రాలేదు. తల్లి ఇంగ్రిడ్, పొడుగ్గా, మెల్లగా మాట్లాడుతుంది. కూతురు లీనాకి ఎనిమిదేళ్ళు. రేపు బడి మూస్తారు కాబట్టి విమానం దిగగానే తిన్నగా అక్కడికే తీసుకెళ్ళాం. చూశారు, బాగుందన్నారు. అక్కణ్ణించి బాలీగంజ్ బయల్దేరగానే తల్లీకూతుళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోయారు, ప్రయాణపు బడలిక. సైన్స్ సిటీ దగ్గర బండి కదల్లేదు. పార్క్ సర్కస్ దగ్గర అసలే కదల్లేదు. ఒక ఊరేగింపు, ఎర్రజెండాలు, వెనక ఇంకో ఊరేగింపు. గంటన్నర పైనే పట్టింది, ఊరేగింపులు లేని రోజూ ఇంతే. ఆ గంటన్నరా నేను, డ్రైవరూ మాత్రమే చూశాం. బండి ఆగాక లీనా కళ్ళు నులుముకుని, అప్పుడే వచ్చేశామా అంది.

నవంబర్ 23

కిటికీ తీస్తే చప్పుడు లేదు. ట్రామ్ పట్టాల మధ్య కుక్క వెల్లకిలా పడుకుని ఎండ కాగుతోంది. ఇంగ్రిడ్ నడుద్దామంది. నడిచాం... రోడ్డంతా మాదే. గోడల మీద కొడవలీ సుత్తీ, నేను అక్షరాలు దిద్దుకున్న నాటి నుంచీ అవే, ఏటేటా కొత్త ఎరుపు. నా పెళ్ళప్పుడూ ఈ ప్రభుత్వమే, తులసి పుట్టినప్పుడూ ఇదే. కాలం కదలని చోట నడుస్తున్నట్టు ఉంది. హాయిగా కూడా ఉంది.

చౌరాస్తా నడిమధ్య నలుగురు పెద్దాయనలు శాలువాలు కప్పుకుని క్యారమ్స్. కాస్త అవతల ఇటుకలు పేర్చి క్రికెట్. ఆ వీధి అమ్మాయి ఒకతి ఏ పరిచయమూ లేకుండా లీనా చేతిలో బ్యాట్ పెట్టేసింది. లీనా కొడితే బంతి ఎవరి మేడ మీదో ఆరేసిన చీరలో చిక్కుకుంది. ఆ ఇంటావిడ బంతితో పాటు కమలాపళ్ళు కూడా కిందికి విసిరింది. లీనా రోడ్డు మధ్యే కూర్చుని వొలుచుకుని తింది. ఎండ ఎంత పల్చగా ఉందో... ఎక్కడో ఎవరో హార్మోనియం వాయిస్తున్నారు. బంద్ రోజు వినపడే హార్మోనియం మామూలు రోజుల్లో ఎక్కడికి పోతుందో.

ఇంగ్రిడ్ నా పక్కన నిలబడి, ఇంత పెద్ద నగరం ఇంత నెమ్మదిగా ఉంటుందని అనుకోలేదంది. పిల్లలు రోడ్డు మీద ఆడుకునే ఊళ్ళు ఇప్పుడెక్కడున్నాయంది.

ఈ రోజు సెలవు అన్నాను. బంద్ అనే మాట నోటి దాకా వచ్చింది. వెనక్కి పోయింది.

నవంబర్ 24

తెల్లారకుండానే హైదరాబాద్ విమానం ఎక్కించా. వెళ్ళేటప్పుడూ రోడ్లు ఖాళీయే. వాళ్ళు చూసిన కలకత్తా అంతే — ఒక నిద్ర, ఒక బంద్.

నవంబర్ 27

సేన్‌దా సందేశ్ మిఠాయి పంచారు. ఇంగ్రిడ్ నుంచి కబురు. హైదరాబాద్ బడి గొప్పగా ఉందట, ఆటస్థలం చూసి తనకి మతిపోయిందట. అయినా లీనా కలకత్తాయే అని పట్టుబట్టి కూర్చుందట. ఇంటికి బడి కూడా దగ్గరే కదా అని ఇంగ్రిడ్ రాసింది. ఆదివారం నాతో ఒకసారి మాట్లాడి కంపెనీకి చెప్పేస్తారట.

నా సందేశ్ కాయితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నా.

నవంబర్ 28

ఆ రోజు బంద్ అని వాళ్ళకి చెప్పాలి కదా అన్నా సేన్‌దాతో. వాళ్ళు అడగలేదు, మనం చెప్పలేదు, ఇందులో అబద్ధం ఎక్కడుంది అన్నారు. ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు. ఆ మాట నాకూ తియ్యగా వినపడింది, అందుకు.

ఆ పిల్ల రోజుకి మూడు గంటలు కారులో కూర్చోవాలి. పొద్దున నిద్రలో ఎక్కి, సాయంత్రం నిద్రలో దిగాలి. క్రికెట్ ఎక్కడ, కమలాపళ్ళెక్కడ.

నవంబర్ 30

కల. హైదరాబాద్ బడి ఆటస్థలం నిండా పొగమంచు. మధ్యలో మన లాంచీ, ఎక్కినవాళ్ళందరూ తెలుగు మాట్లాడుతున్నారు. టికెట్ ఇచ్చే మనిషి నాతో మాత్రం బెంగాలీలో, ‘మీరు ఎక్కడికి దీదీ’ అన్నాడు. చెప్పేలోపు మెలకువ.

పోయినేడు నిజంగానే అలా అయింది. హైదరాబాద్‌లో ఆటో అతను నా తెలుగు విని, మీది ఏ ఊరన్నాడు. కలకత్తా అంటే నమ్మలేదు. ఇక్కడ నన్ను తెలుగావిడ అంటారు, అక్కడ తెలుగు సరిగా రాదంటారు. అదీ నా భయం. పిల్ల చదువు, ఉద్యోగం — అవన్నీ పైకి చెప్పుకునేవి. భయంగా ఉంది నాకు. రాసేశా, కాస్త తేలిగ్గా ఉంది.

డిసెంబర్ 1

మంచు. లాంచీలో కళ్ళు మూసుకుని వచ్చా.

డిసెంబర్ 3

ఆదివారం. మధ్యాహ్నం ఇంగ్రిడ్ ఫోన్. ఏం చెప్పాలో ముందే అనుకోలేదు. ఆవిడ పలకరించగానే మొత్తం చెప్పేశా. మీరు చూసింది బంద్, ఏడాదిలో ఏ కొన్నాళ్ళో ఉంటుంది, మిగతా రోజులు వేరు. మీరు నిద్రపోయిన ఆ దారికి గంటన్నర పట్టింది. లీనా ఆడిన చోట రేపు మినీబస్సులు ఉంటాయి.

కోప్పడుతుందనుకున్నా. కోప్పడలేదు. ఒకటే అడిగింది.

“మీ కూతురైతే ఎక్కడ వేస్తారు?”

“హైదరాబాద్.”

ఆలోచించలేదు. ఊపిరి తీసినంత తేలిగ్గా వచ్చింది. ఆటస్థలం ఉంది, గాలి ఉంది, వాళ్ళ నాన్న అక్కడే ఉన్నారు అన్నా. లీనా గురించి చెప్పబోయి తులసి గురించి చెప్పినట్టున్నా. ఇంగ్రిడ్ థ్యాంక్స్ చెప్పింది. ఇంటాయనతో మాట్లాడి ఏదో ఒకటి చెప్తానంది.

ఫోన్ పెట్టి తిరిగితే గుమ్మంలో తులసి. ఇంగ్లీషు బడి పిల్ల, ప్రతి ముక్కా అర్థమవుతుంది. నన్ను పిలవడం మాత్రం బెంగాలీ పిల్లల్లా ‘మా’ అనే.

“మా, ఆ మాట లీనా గురించా, నా గురించా?”

తల దువ్వుతాను రా అన్నా. వచ్చి కూర్చుంది. జడ వేసినంత సేపూ మళ్ళీ అడగలేదు. అడిగితే బాగుండు అనిపించింది.

డిసెంబర్ 4

ఇంగ్రిడ్ ఇంకా ఏమీ చెప్పలేదు. ఫోన్‌లో ఏమన్నానో సేన్‌దాకి చెప్పా. మంచిది అన్నారు, కిటికీ వైపు తిరిగి. నాలుగింటికే ఇంటికి పొమ్మన్నారు.

వచ్చేసరికి అమ్మ తులసి జోళ్ళు విప్పుతోంది. నన్ను చూసి, ఎప్పుడూ లేనిది, మెత్తగా అంది: “నీ కూతురు బళ్ళో అందరికీ సెప్పీసిందట. ఎల్లిపోతన్నామని.”

నేను మా ఆయనకి కూడా చెప్పలేదు. నాకు నేనే చెప్పుకోలేదు.

టీచరమ్మ దగ్గరికి పిలిచి ముద్దు పెట్టుకుందట. స్నేహితురాళ్ళు ముగ్గురు ఏడ్చారట. తను మాత్రం ఏడవలేదట. ఏ రోజు వెళ్తారని వాళ్ళు అడిగితే, అమ్మని అడిగి రేపు చెప్తానందట.

ఇది రాస్తుంటే పక్కన నిలబడి ఉంది. తెలుగు చదవలేదు కనక కాయితం వైపు చూడడం లేదు, నా మొహమే చూస్తోంది. “ఏ రోజు, మా?”